గేట్లు లేని టోల్: పంతంగి నుంచి పుల్లూరు దాకా మారేదేమిటి, మారనిదేమిటి

క్లుప్తంగా: జాతీయ రహదారులపై టోల్ గేట్లను తొలగించి, వాహనం ఆగకుండానే రుసుము వసూలు చేసే విధానానికి కేంద్రం సిద్ధమవుతోంది. దీనివల్ల టోల్‌ప్లాజాల దగ్గర క్యూలు పోతాయి. కట్టాల్సిన మొత్తం మాత్రం దానంతట అది తగ్గదు. ఇంతకాలం గేటు రెండు పనులు చేస్తూ వచ్చింది. ఒకటి డబ్బు తీసుకోవడం, రెండోది తేడా వస్తే అక్కడికక్కడే తేల్చడం. గేటు పోయాక ఆ రెండో పని నంబరు ప్లేటు మీద, రిజిస్ట్రేషన్ రికార్డు మీద, ఇంటికి వచ్చే నోటీసు మీద పడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వాహనదారులకు అసలు ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే.

రెండు రహదారులు, ఒకే సమస్య

దక్షిణ తెలంగాణను రెండు పెద్ద జాతీయ రహదారులు దాటుతాయి. హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే 65వ నంబరు రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా సాగుతుంది. దీనిపై చౌటుప్పల్ మండలంలోని పంతంగి దగ్గర ఒక టోల్‌ప్లాజా, కేతేపల్లి మండలంలోని కొర్లపహాడ్ దగ్గర మరొకటి ఉన్నాయి. రాష్ట్రం దాటాక చిల్లకల్లు వస్తుంది. బెంగళూరు వైపు వెళ్లే 44వ నంబరు రహదారిపై షాద్‌నగర్ సమీపంలో రాయికల్, అడ్డాకుల దాటాక శాఖాపూర్, తుంగభద్రకు ఇవతల పుల్లూరు టోల్‌ప్లాజాలు ఉన్నాయి.

సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి దగ్గర వాహనాలు బారులు తీరడం ఏటా చూస్తున్నదే. పండుగ రోజుల్లో టోల్ మినహాయించాలని విజ్ఞప్తులు వస్తాయి. విజయవాడ వైపు అదనపు బూత్‌లు తెరుస్తారు. పండుగ వెళ్లాక మళ్లీ మామూలే. ఫాస్టాగ్ తప్పనిసరై ఐదేళ్లయినా ఈ దృశ్యం ఎందుకు మారలేదన్న ప్రశ్న సహజం. జవాబు గేటు దగ్గర గడిచే సెకన్లలో ఉంది.

పది సెకన్ల లెక్క

రద్దీ వేళలోనైనా ఒక్కో వాహనాన్ని పది సెకన్లకు మించి ఆపకూడదని జాతీయ రహదారుల సంస్థ 2021లో మార్గదర్శకం ఇచ్చింది. పది సెకన్లంటే తక్కువగానే కనిపిస్తుంది. కానీ ఆ లెక్కన ఒక బూత్ గంటకు పంపగలిగేది 360 వాహనాలను మాత్రమే. ఆగకుండా సాగే రోడ్డుపై ఒక్క లేన్‌లో గంటకు దాదాపు 2000 కార్లు వెళ్లగలవు. నాలుగు లేన్ల రహదారిపై ఒక దిశలో రెండు లేన్లు ఉంటాయి. అవి నిండుగా నడిస్తే గంటకు 4000 వాహనాలు ప్లాజా ముందుకు వస్తాయి. వాటిని పది సెకన్ల చొప్పున పంపాలంటే ఒకే దిశలో పన్నెండు బూత్‌లు ఒక్క క్షణం ఖాళీ లేకుండా పనిచేయాలి.

ఫాస్టాగ్ చక్కగా చదువుకుంటే నాలుగు సెకన్లలో గేటు లేస్తుందనుకుందాం. అప్పుడు బూత్‌కు గంటకు 900 వాహనాలు వెళతాయి. ఐదు బూత్‌లు చాలు. అయితే ఒక్క కారు ట్యాగ్‌లో డబ్బు లేక, డ్రైవరు ఫోను తీసి రీచార్జి చేసుకుంటూ నిమిషం నిలబడితే చాలు, పదిహేను వాహనాల సమయం పోయినట్టే. వెనక ఉన్నవాళ్లు పక్క లేన్‌లోకి దూరబోతారు. పక్క లేన్ కూడా బిగుసుకుంటుంది. బూత్ సామర్థ్యానికి దగ్గరగా వాహనాలు వస్తున్నప్పుడు చిన్న ఆలస్యం కూడా చాంతాడంత క్యూగా మారడానికి కారణం ఇదే. రద్దీ సగం ఉన్న రోజున నిమిషం ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోరు. పండుగ రోజున అదే నిమిషం వెనక్కి వెనక్కి పాకి గంటల తరబడి వేధిస్తుంది.

ఫాస్టాగ్ వల్ల మేలు జరగలేదని అనడానికి లేదు. 2018-19లో టోల్‌ప్లాజాల దగ్గర సగటున 8 నిమిషాలు ఆగాల్సి వచ్చేదని, 2020-21 నాటికి అది 47 సెకన్లకు తగ్గిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్‌ను అన్ని లేన్లలో తప్పనిసరి చేశారు. అంటే ట్యాగ్ డబ్బు తీసుకునే సమయాన్ని బాగా తగ్గించింది. గేటును మాత్రం తీయలేదు. గేటు ఉన్నంతకాలం అతి నెమ్మదైన వాహనమే మొత్తం వరుస వేగాన్ని నిర్ణయిస్తుంది.

గేటు స్థానంలో ఏముంటుంది

కొత్త పద్ధతిలో రోడ్డుకు అడ్డంగా పైన ఒక ఇనుప చట్రం ఉంటుంది. దాన్ని గాంట్రీ అంటున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై దిక్కులు చూపే పెద్ద బోర్డులను మోసే చట్రాల్లాంటిదే. దానికి ట్యాగ్‌ను చదివే యాంటెన్నాలు, ముందు వెనక నంబరు ప్లేట్లను ఫొటో తీసే కెమెరాలు, వాహనం కారా, బస్సా, ఎన్ని ఇరుసుల లారీ అన్నది తేల్చే సెన్సర్లు బిగిస్తారు. వాహనాలు మామూలు వేగంతో కింది నుంచి వెళ్లిపోతాయి. లేన్ మారుతున్నా పట్టుకోగలగాలి కాబట్టి గాంట్రీ రోడ్డు వెడల్పంతా కప్పుతుంది.

అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. యాంటెన్నా పంపే రేడియో తరంగం నుంచే కాసింత శక్తి తీసుకుని తన నంబరు తిప్పి పంపుతుంది. ఆ నంబరు టోల్ వ్యవహారం చూసే బ్యాంకుకు, అక్కడి నుంచి జాతీయ చెల్లింపుల సంస్థ నడిపే కేంద్ర వ్యవస్థకు, చివరికి ట్యాగ్ జారీ చేసిన బ్యాంకుకు చేరుతుంది. డబ్బు కోసుకున్నట్టు ఫోనుకు సందేశం వస్తుంది. ఇంతవరకు ఇప్పటి ఫాస్టాగ్‌కూ కొత్త పద్ధతికీ తేడా లేదు. తేడా వచ్చేది ట్యాగ్ చదువుకోనప్పుడు. గేటు ఉంటే వాహనం ఆగుతుంది. గాంట్రీ కింద వాహనం వెళ్లిపోతుంది, ఫొటో మిగులుతుంది. ఆ ఫొటోలోని నంబరును కంప్యూటర్ చదివి, ఆ నంబరుతో యజమాని ఎవరో వెతికి, ఫోనుకో ఇంటికో నోటీసు పంపాలి. కరెంటు ముందు వాడుకుని బిల్లు తర్వాత కట్టినట్టుగా, ట్యాగ్ పలకని వాహనానికి టోల్ కూడా తర్వాత వచ్చే బిల్లు అవుతుంది.

దేశంలో ఈ పద్ధతికి తొలి ఒప్పందం 2025 ఆగస్టులో కుదిరింది. గుజరాత్‌లో 48వ నంబరు రహదారిపై ఉన్న చోర్యాసి ప్లాజా కోసం ఐసీఐసీఐ బ్యాంకుతో ఆ ఒప్పందం చేసుకున్నారు. హర్యానాలో 44వ నంబరు రహదారిపై ఉన్న ఘరోండాను కూడా తొలి విడతలోనే తీసుకున్నారు. పాలమూరు మీదుగా పోయే రోడ్డు ఉత్తరాదిలో అక్కడిదాకా వెళుతుంది. 2026 చివరికల్లా దేశమంతటా గేట్లు లేకుండా చేస్తామన్నది కేంద్రం ప్రకటించిన లక్ష్యం.

ఉపగ్రహ టోల్ వేరు, ఇది వేరు

చాలామంది ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్ల అయోమయం పెరిగింది. 2024 సెప్టెంబరులో కేంద్రం టోల్ నిబంధనలను సవరించి ఉపగ్రహ ఆధారిత వసూలుకు చోటిచ్చింది. వాహనంలో ప్రత్యేక పరికరం ఉంటుంది, ఎంత దూరం తిరిగితే అంతకే రుసుము, రోజుకు తొలి 20 కిలోమీటర్లు ఉచితం అన్నది అందులోని సారాంశం. దాంతో 2025 మే 1 నుంచి దేశమంతా ఉపగ్రహ టోల్ వచ్చేస్తోందని ప్రచారం జరిగింది. అలాంటి నిర్ణయమేదీ తీసుకోలేదని రవాణా శాఖ ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ఎంపిక చేసిన ప్లాజాల దగ్గర ఫాస్టాగ్‌తో పాటు నంబరు ప్లేటు కెమెరాలు వాడే గేట్లు లేని పద్ధతినే ముందుకు తెస్తామని చెప్పింది.

వాహనదారుడి జేబుకు సంబంధించినంతవరకు ఈ తేడా చాలా పెద్దది. ఉపగ్రహ పద్ధతి దూరాన్ని కొలుస్తుంది. ఇప్పుడు పెట్టబోయే గాంట్రీ మీరు ఒక చోటు దాటారా లేదా అన్నదే చూస్తుంది.

చౌటుప్పల్ నుంచి చిట్యాలకు వెళ్లే కారుకు ఒరిగేదేమిటి

మన జాతీయ రహదారుల్లో ఎక్కువ భాగం తెరిచిన పద్ధతిలో ఉన్నాయి. అంటే దారిలో ఎక్కడైనా ఎక్కవచ్చు, ఎక్కడైనా దిగవచ్చు. ప్లాజా దాటితే దానికి కేటాయించిన దూరం మొత్తానికి రుసుము కట్టాలి. ఒకే దిశలో రెండు ప్లాజాల మధ్య సాధారణంగా 60 కిలోమీటర్లు ఉండాలన్నది 2008 నాటి నిబంధన. కాబట్టి ప్లాజాకు ఇవతల ఎక్కి, పది కిలోమీటర్లు పోయి దిగిన కారు ఎంత కడుతుందో పదుల కిలోమీటర్లు పోయినదీ అంతే కడుతుంది. ప్లాజా రాకముందే రోడ్డు దిగినవాళ్లు ఏమీ కట్టరు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దీనికి భిన్నం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డుపై ఎక్కిన చోటు, దిగిన చోటు రెండూ నమోదవుతాయి కాబట్టి దూరాన్ని బట్టి రుసుము పడుతుంది.

పాత ప్లాజా ఉన్న చోటే గాంట్రీ పెడితే ఈ అసమానత అలాగే ఉంటుంది. ధరను నిర్ణయించేది గాంట్రీ కాదు, 2008 నిబంధనలు. 2007-08 మూల ధర ప్రకారం కారుకు కిలోమీటరుకు 65 పైసలు. దానిపై ఏటా 3 శాతం, టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలుపుతూ వస్తారు. వంతెనలు, బైపాస్‌లు ఉంటే లెక్క మారుతుంది. గేటు ఎత్తేసినంత మాత్రాన ఈ సూత్రంలో ఒక్క అక్షరం కూడా మారదు.

గాంట్రీలతో దూరాన్ని కొలవడం అసాధ్యమా అంటే, కాదు. తైవాన్ 2013 డిసెంబరు ఆఖరులో తన హైవేలపై టోల్‌ప్లాజాలన్నీ మూసేసి, ఇంటర్‌ఛేంజ్‌కూ ఇంటర్‌ఛేంజ్‌కూ మధ్య గాంట్రీలు నిలబెట్టింది. ఎన్ని గాంట్రీలు దాటితే అంత దూరానికి రుసుము. చిన్న వాహనాలకు రోజుకు తొలి 20 కిలోమీటర్లు ఉచితం కూడా ఇచ్చింది. నకిరేకల్‌లోనో జడ్చర్లలోనో ఉండి రోజూ కొద్ది దూరం తిరిగేవారికి న్యాయం జరగాలంటే గాంట్రీల సంఖ్య, వాటి స్థానం, ధర సూత్రం మూడూ మారాలి. ఆ చర్చ ఇంకా మొదలుకావాల్సి ఉంది. యంత్రాలు బిగించేశాక చర్చించడం కంటే ఇప్పుడే చర్చించడం చవక.

అప్పటిదాకా స్థానికులకు ఉన్న ఊరట పాత నిబంధనల్లోనిదే. ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారి సొంత వాహనాలకు నామమాత్రపు నెలవారీ పాస్ ఉంది. 24 గంటల్లో తిరిగి వస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. 2025 ఆగస్టు 15న కారు, జీపు, వ్యానులకు 3000 రూపాయల ధరతో వార్షిక పాస్ వచ్చింది. అది ఏడాది లేదా 200 ప్రయాణాలు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. అది జాతీయ రహదారులకే పరిమితం. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ మీదుగా అద్దంకి వెళ్లే రోడ్డుపై మాడ్గులపల్లి టోల్‌గేటు రాష్ట్ర రహదారి ఒప్పందం కిందిది. జాతీయ రహదారులపై గేట్లు పోయినా ఇలాంటి చోట్ల గేటు, వేరే లెక్క కొనసాగే అవకాశమే ఎక్కువ. పంతంగిలో ఆగకుండా వచ్చిన లారీ మాడ్గులపల్లిలో ఆగుతుందన్నమాట.

కట్టకుండా వెళ్లిపోతే?

గేటు లేని టోల్ నిలబడుతుందా, కూలుతుందా అన్నది ఎగవేతను ఎలా ఎదుర్కొంటారన్న దానిపై ఆధారపడుతుంది. ఇందుకు ప్రపంచంలో రెండు భిన్నమైన అనుభవాలున్నాయి.

కెనడాలోని టొరంటో దగ్గర 407వ నంబరు హైవే 1997 నుంచి ఒక్క గేటు కూడా లేకుండా నడుస్తోంది. బకాయి తీర్చని వాహనానికి నంబరు ప్లేటు రెన్యువల్ నిలిపివేసే అధికారం చట్టంలో ఉంది. కట్టక తప్పదని జనానికి తెలుసు. దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్ చుట్టూ 2013 డిసెంబరులో మొదలైన ఈ-టోల్ కథ వేరు. అక్కడా గాంట్రీలు, కెమెరాలు, ట్యాగ్‌లు అన్నీ బాగానే పనిచేశాయి. ప్రజల్ని ముందుగా ఒప్పించకుండా తెచ్చారన్న కోపంతో అత్యధికులు బిల్లులు కట్టడం మానేశారు. బకాయిలు కొండలా పేరుకున్నాయి. చివరికి 2024 ఏప్రిల్‌లో ఆ వ్యవస్థను ఆపేశారు. జోహన్నెస్‌బర్గ్‌లో ఓడిపోయింది యంత్రం కాదు, దాని మీద జనానికి లేని నమ్మకం.

భారత్ ఎంచుకున్నది టొరంటో దారి. 2026 జనవరిలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, చెల్లించని టోల్ రుసుమును రిజిస్ట్రేషన్ సేవలతో ముడిపెట్టారు. బకాయి ఉంటే యాజమాన్య మార్పిడికి, వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అవసరమైన నిరభ్యంతర పత్రం రాదు. ఫిట్‌నెస్ పునరుద్ధరణ జరగదు. సరుకు వాహనాలకు జాతీయ పర్మిట్ ఆగుతుంది.

ఈ నిబంధన అందరినీ ఒకేలా పట్టుకోదన్నది గమనించాలి. లారీకి ఎనిమిదేళ్ల వయసు వచ్చేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. కాబట్టి మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తీసుకెళ్లే లారీ యజమాని రవాణా కార్యాలయం మెట్లు ఎక్కిన ప్రతిసారీ బకాయి బయటపడుతుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. అమ్మే ఉద్దేశం లేనివారికి మధ్యలో ఆ కార్యాలయంతో పనే పడదు. అంటే బతుకుతెరువు కోసం బండి నడిపేవారిపై వెంటనే, సొంత కారున్నవారిపై ఎప్పుడో పడే శిక్ష ఇది. ఈ తేడాను సరిచేయకపోతే న్యాయం గురించిన ప్రశ్న వస్తుంది, రావాలి కూడా.

బరువంతా నంబరు ప్లేటు మీద

ఈ రహదారులపై తిరిగే వాహనాల వెనుక భాగాన్ని దగ్గరగా చూస్తే సమస్య అర్థమవుతుంది. వరి కోతల కాలంలో గడ్డి నింపుకున్న డీసీఎం వెనక ప్లేటుపై గడ్డి వేలాడుతుంది. క్వారీల నుంచి వచ్చే టిప్పరు ప్లేటుపై దుమ్ము అట్టకట్టి అంకెలు కనిపించవు. 2019 ఏప్రిల్‌కు ముందు రిజిస్టరైన బండ్లలో చాలావాటికి హై సెక్యూరిటీ ప్లేటు లేదు. పెయింటరు చేత అందంగా రాయించిన వంపు అంకెలుంటాయి. మనిషి కంటికి అవి ఇబ్బంది కావు. కంప్యూటర్ 8ని బీగా, సున్నాను డీగా చదివితే బిల్లు మరొకరికి వెళుతుంది.

ఒక గాంట్రీ కింద రోజుకు 30 వేల వాహనాలు వెళుతున్నాయని, ట్యాగ్ చదువుకోని వాహనాలు అందులో వందకు మూడని, వాటి ప్లేట్లలో వందకు రెండు తప్పుగా చదివారని ఊహించుకుందాం. రోజుకు 18 తప్పుడు నోటీసులవుతాయి. శాతంలో చూస్తే లెక్కలోకి రాదు. ఏడాదికి చూస్తే ఒక్క గాంట్రీ దగ్గరే ఆరున్నర వేల మంది తాము వెళ్లని దారికి జవాబు చెప్పుకోవాలి. ట్యాగ్ సరిగా అతికించుకోవడం ఎంత ముఖ్యమో కూడా ఈ లెక్కే చెబుతోంది. ట్యాగ్‌ను అద్దానికి అతికించకుండా చేత్తో పట్టుకుని చూపే వాహనాల ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెట్టాలని 2025 జులైలో నిర్ణయించడానికి కారణం ఇదే. గేటు దగ్గర చేత్తో చూపితే నడిచిపోతుంది, వేగంగా వెళ్లే బండిలో నడవదు.

ప్లేటు సరిగా చదివినా, ఆ నంబరు వెనక ఉన్న పేరు, ఫోను నంబరు సరైనవి కావాలి. నల్లగొండ జిల్లా రోడ్లపై ఈ రోజుకీ ఏపీ 24, టీఎస్ 05, టీజీ 05 మూడూ కనిపిస్తాయి. పాలమూరు వైపు ఏపీ 22, టీఎస్ 06, టీజీ 06. మూడు కాలాల రికార్డులివి. తెలంగాణ చాలాకాలం కేంద్రం నడిపే వాహన్ వ్యవస్థలో చేరకుండా సొంత రికార్డు వ్యవస్థను నడుపుకుంది. అందులోకి మారే పని ఆ తర్వాతే మొదలైంది. దేశంలో ఏ గాంట్రీ అయినా యజమానిని వెతికేది వాహన్‌లోనే కాబట్టి ఈ మార్పిడి ఎంత శుభ్రంగా జరిగిందన్నదే ముఖ్యమవుతుంది.

పల్లెల్లో పాత బండి చేతులు మారే తీరు మరో చిక్కు. యాజమాన్య మార్పిడికి వాడే 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు తీసుకుని, ఆర్‌సీ పాత యజమాని పేరు మీదే ఉంచి ఏళ్ల తరబడి నడుపుతారు. అమ్మినవారికి ఇంతకాలం దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఇకపై కొన్నవారు కట్టని టోల్‌కు నోటీసు అమ్మినవారికి వస్తుంది. పేరు మార్పిడి పూర్తి చేయించుకోకుండా బండి అప్పగించడం ఇకపై చాలా ప్రమాదకరమైన అలవాటు.

మినహాయింపుల సంగతీ ఉంది. సాధారణ జాతీయ రహదారులపై ద్విచక్ర వాహనాలు, ఆటోలు, ట్రాక్టర్లు టోల్ కట్టవు. అంబులెన్సులు, పార్థివ దేహాలను తీసుకెళ్లే వాహనాలకూ మినహాయింపు ఉంది. గేటు దగ్గర మనిషి ఉంటే కంటితో చూసి పంపేస్తాడు. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి దేవరకొండ పల్లెకో అచ్చంపేట తండాకో మృతదేహాన్ని తీసుకెళ్లే వాహనాన్ని గాంట్రీ ఎలా గుర్తిస్తుంది? ముందే మినహాయింపు జాబితాలో నమోదు కాకపోతే దానికీ బిల్లు వేస్తుంది. ఇలాంటి సందర్భంలో ఆ కుటుంబాన్ని కార్యాలయాల చుట్టూ తిప్పకుండా చూడటం వ్యవస్థను తయారు చేసేవారి బాధ్యత.

సంక్రాంతి రద్దీ తీరుతుందా

కొంత తీరుతుంది. ప్లాజా వల్ల ఏర్పడే క్యూ పూర్తిగా పోతుంది. అయితే వేలాది కార్లు ఒకే రోజు ఒకే వైపు బయల్దేరినప్పుడు రెండు లేన్లకు ఉన్న సామర్థ్యమే చివరి హద్దు. ప్లాజా ఇంతకాలం వాహనాలను కొద్దికొద్దిగా వదిలే తూములా పనిచేసింది. అది పోతే మొత్తం ప్రవాహం ఒక్కసారిగా తర్వాతి ఇరుకు దగ్గరికి చేరుతుంది. దారిలోని ఏదో పట్టణంలోనో, వంతెన పనులు జరిగే కూడలి దగ్గరో, మలుపు తిరిగే వాహనాలున్న చోటో ఆ ఇరుకు ఉంటే రద్దీ అక్కడికి మారుతుంది. ఆరు లేన్ల విస్తరణ, కూడళ్ల దగ్గర అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు లేకుండా గేట్లు ఎత్తేయడం సగం వైద్యం.

భద్రత విషయంలోనూ రెండు వైపులు చూడాలి. ప్లాజా ముందు లేన్లు మారే హడావుడిలో జరిగే ఢీకొట్టుళ్లు తగ్గుతాయి. మరోవైపు డ్రైవర్లను బలవంతంగా నెమ్మదింపజేసే చోటు ఒకటి పోతుంది. గేట్లు తీసినా సిమెంటు దిమ్మెలను, వెడల్పు చేసిన లేన్లను అలాగే వదిలేస్తే రాత్రిపూట వేగంగా వచ్చే వాహనానికి అవే ప్రమాదం. తొలగింపు అంటే దిమ్మెలతో సహా తొలగించి, రోడ్డును మామూలు వెడల్పుకు తేవడమని ఒప్పందాల్లో స్పష్టంగా రాయాలి.

ప్లాజా మీద బతికేవారు

బూత్‌ల్లో కూర్చునేవారు, లేన్ల దగ్గర నిలబడేవారు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల యువకులు, కాంట్రాక్టు మీద పనిచేసేవారు. ఆగిన వాహనాల మధ్య తాటిముంజలు, ఉడకబెట్టిన పల్లీలు, నీళ్ల సీసాలు అమ్ముకునే కుటుంబాలు కూడా ఉన్నాయి. తైవాన్‌లో ప్లాజాలు మూసినప్పుడు ఉద్యోగాలు పోయిన టోల్ సిబ్బంది ఏళ్ల తరబడి వీధుల్లోకి వచ్చి పోరాడారు. ముందే వేరే పనుల్లోకి తీసుకుంటామన్న హామీ ఉన్నా అమలు సక్రమంగా జరగకపోవడమే అందుకు కారణం. ఫొటోల్లో కంప్యూటర్ చదవలేని ప్లేట్లను మనుషులే చూసి తేల్చాలి. ఫిర్యాదులకు జవాబు చెప్పాలి. రోడ్డు మీద గస్తీ, ప్రమాద సహాయం పెంచాలి. ఈ కొత్త పనుల్లో ఇప్పటి సిబ్బందికి తొలి అవకాశం ఇవ్వడం కష్టమేమీ కాదు. అందుకు ఇప్పుడే ప్రణాళిక కావాలి.

తగాదా ఎక్కడ తేలాలి

గేటు దగ్గర రుసుము ఎక్కువ పడితే డ్రైవరు అక్కడే అడుగుతాడు. మేనేజరు వస్తాడు. గట్టిగా మాట్లాడుకున్నా పావుగంటలో ఏదో ఒకటి తేలుతుంది. కొత్త పద్ధతిలో అదే తగాదా వారం తర్వాత ఫోనులో నోటీసుగా మొదలవుతుంది. ఎదురుగా మనిషి ఉండడు. చదువు తక్కువైన లారీ డ్రైవరు, ఫోను నంబరు మార్చుకున్న రైతు, అద్దె కారు నడుపుకునే యువకుడు ఆ నోటీసును చూడకపోవచ్చు, చూసినా ఎక్కడ అడగాలో తెలియకపోవచ్చు. గడువు దాటితే ఫిట్‌నెస్ ఆగుతుంది, బండి ఆగుతుంది.

కాబట్టి నోటీసులో వాహనం ఫొటో, సమయం, గాంట్రీ పేరు, వాహనానికి వేసిన తరగతి (కారా, బస్సా, లారీనా), అభ్యంతరం చెప్పే మార్గం స్పష్టంగా ఉండాలి, అది తెలుగులోనూ ఉండాలి. అభ్యంతరం పరిష్కారమయ్యేదాకా రిజిస్ట్రేషన్ సేవలు ఆపకూడదు. తప్పు వ్యవస్థదైతే డబ్బు తిరిగి రావడానికి కూడా వాహనదారుడికి పెట్టినట్టే గడువు పెట్టాలి. కదలికల వివరాలు ఎంతకాలం దాచుకుంటారో, ఎవరికి ఇస్తారో 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి లోబడి ముందే ప్రకటించాలి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. పంతంగి, కొర్లపహాడ్, రాయికల్, శాఖాపూర్, పుల్లూరుల్లో ప్లాజా భవనాలు ఇప్పటికే ఉన్నాయి. బూత్‌లు కూల్చినా ఆ భవనాల్లో ఒక గదిని పగలూ రాత్రీ తెరిచి ఉండే సహాయ కేంద్రంగా ఉంచి, నోటీసు పట్టుకుని వచ్చినవారి ఫిర్యాదును అక్కడే నమోదు చేసి రసీదు ఇచ్చే ఏర్పాటు గాంట్రీ ఒప్పందంలోనే భాగం చేయవచ్చు.